వాన వల్ల వాయిదా పడ్డ వరద

మా ఊరి విపత్తు నిర్వహణ కమిటీలో నేను హెచ్చరికల విభాగానికి అధిపతిని. ఈ పదవి నాకెందుకు వచ్చిందంటే, మీటింగు రోజున మండలం నుంచి తెచ్చిన నారింజ రంగు జాకెట్టు నాకొక్కడికే సరిగ్గా పట్టింది. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతున్నానన్నది రెండో అర్హత. అక్కడ ఏం చదువుతున్నానో నాకే సరిగ్గా అర్థమయ్యేది కాదు గాని, రోజూ కాలేజీ బస్సెక్కి పోయివస్తాను కాబట్టి ఊర్లో నాకు శాస్త్రవేత్త హోదా ఉండేది. ఎవరింట్లో టీవీ బొమ్మ ఆగినా నన్నే పిలిచేవాళ్లు. నేను వెళ్లి చూసినా బొమ్మ వచ్చేది కాదు. అయినా మళ్లీ పిలిచేవాళ్లు.

సర్పంచుల గడువు తీరిపోయి, ఎన్నికలు జరగక, ఊర్లను ప్రత్యేక అధికారులు ఏలుతున్న రోజులవి. మా ఊరు అలియాబాద్ దగ్గర కరీంనగర్ రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. మాకు వచ్చిన అధికారి సారు చాలా మంచి మనిషి. కాగితం మీద ఉన్న దేన్నైనా నమ్ముతాడు. ప్రతి ఊరూ ఏదో ఒక విపత్తుకు రిహార్సల్ చేసుకోవాలని ఆయనకు పైనుంచి ఆర్డరు వచ్చింది. ఏ విపత్తన్న దగ్గర కొంత చర్చ జరిగింది. తుఫాను పెట్టుకుందామంటే సముద్రం దూరం. భూకంపమంటే ఎలా నటించాలో ఎవరికీ తెలియదు. చివరికి చెరువు కట్ట తెగిందని అనుకుందామని తేల్చారు.

మా చెరువులో అప్పటికి కొన్నేళ్లుగా నీళ్లు లేవు. తుమ్మచెట్లు మొలిచాయి. నడుమ మేం క్రికెట్టు పిచ్ వేసుకున్నాం. బంతి తూము దాకా పోతే ఫోరు. ఆ చెరువు తెగుతుందని సారు మ్యాపు మీద కర్ర పెట్టి చూపిస్తుంటే, మా అవ్వ లేచి నిలబడింది.

"చెరువు తెగాల్నంటే ముందుగాల అండ్ల నీళ్లుండాలె గద సారూ. నీళ్లు మీరు తెస్తరా, మమ్ముల్నే తెచ్చుకోమంటరా?"

ఊహించుకోవాలమ్మా అన్నాడు సారు ఓపికగా.

"నీళ్లు ఊహించుకునుడు మాకు అలవాటే తియ్" అని అవ్వ కూర్చుంది.

తర్వాత పాత్రల పంపకం. చనిపోయినవాళ్లు, దెబ్బలు తగిలినవాళ్లు, తప్పిపోయినవాళ్లు కావాలి. తప్పిపోవడానికి పోటీ పడ్డారు. తప్పిపోయినవాళ్లు సాయంత్రం దాకా ఊర్లో కనబడకూడదు కాబట్టి ఆ పూట మేడ్చల్ వెళ్లి సినిమా చూసి రావచ్చునని కుర్రాళ్లు వెంటనే పసిగట్టారు. చనిపోవడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. నాటకానికైనా సరే, పిల్లాపాపలున్న ఇంటి నుంచి అలాంటి మాట రాకూడదన్నారు. సారు బతిమాలి, బతిమాలి, ఆ వరుస ఎదుట సున్నా వేసుకున్నాడు. అలా మా ఊర్లో వరద రాకముందే ప్రాణనష్టం పూర్తిగా నివారించబడింది. మా అవ్వ దెబ్బలు తగిలినవాళ్లలో చేరింది. స్ట్రెచరు మీద మోసుకుపోతారని తెలిసి చేరింది. మోకాళ్ల నొప్పులతో ఆమె గడప దాటడం తగ్గించి చాలా కాలమైంది. "మోసేటోళ్లు ఉంటె నేనేడికన్న వస్త" అంది.

ఇక హెచ్చరిక, అంటే నా శాఖ. సైరను పెడదామంటే వాన మొదలవగానే మా ఊర్లో మొట్టమొదట పోయేది కరెంటే. అందుకని డప్పు కొట్టించాలన్నారు. ఊరందరికీ బాగా తెలిసిన దెబ్బ ఏదని సారు అడిగితే, మీటింగు మొత్తం ఒకే గొంతుతో మత్తడి డప్పు అంది.

మత్తడి అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే గోడ. చెరువు నిండి మత్తడి దుంకిన రోజున కట్ట మీద ఆ డప్పు మోగుతుంది. అది విన్నారంటే జనం పొయ్యి మీద కుండ పొయ్యి మీదే వదిలేసి, కొబ్బరికాయలు, మేకపోతు, చంకలో పిల్లలతో చెరువు దగ్గరికి ఉరుకుతారు. కట్ట మైసమ్మకు మొక్కు చెల్లించి, అక్కడే వండుకుని తిని వస్తారు. సాయబుల ఇళ్లవాళ్లు కూడా వస్తారు. చెరువు నిండితే అందరి పొలమూ పారుతుంది గదా. ఎన్నేళ్లు మోగకపోయినా ఆ దెబ్బను ఎవరూ మరిచిపోలేదు.

సారు సంబరంగా రాసుకున్నాడు. నేను చెయ్యెత్తి, ఆ డప్పు వింటే జనం చెరువు దిక్కు ఉరుకుతారని, మన కార్యక్రమంలో మాత్రం వాళ్లు చెరువు నుంచి ఇవతలికి ఉరకాలని మనవి చేశాను. సలహాలు చివర్లో తీసుకుంటామన్నాడు. చివర్లో చాయ్ వచ్చింది. చాయ్ తాగాక ఆయనకు ఇంకో ఊర్లో ఇంకో విపత్తు ఉంది. పోతూ పోతూ, డప్పు కొట్టే తాతను పిలిచి, ఇప్పటి నుంచి ఆ దెబ్బ ప్రభుత్వానిదని, ఆర్డరు లేకుండా కొట్టకూడదని గట్టిగా చెప్పాడు. తాళ్లు, లైఫ్ జాకెట్లు, స్ట్రెచరు పంచాయతీ గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. సామాను పైఅధికారి తనిఖీ దాకా కొత్తగా ఉండాలి మరి.

మా వీధిలో టెంట్‌హౌస్ నడిపే చాచాకు ఈ మీటింగులో పెద్ద దెబ్బ తగిలింది. డ్రిల్లుకు సారు పెట్టిన తేదీ, చాచా బిడ్డ నిఖా తేదీ ఒకటే. డ్రిల్లులో జనానికి ఆశ్రయమని రాసుకున్న బడి ఆవరణలోనే నిఖా కూడా. పెళ్లి తేదీ మార్చుకోమనే మాట సారు నోటి దాకా వచ్చింది గాని, చాచా మొఖం చూసి ఆగిపోయాడు. చాచా తేదీ మార్చుకునే స్థితిలో లేడని ఊరందరికీ తెలుసు. ఆ అమ్మాయికి ఇదివరకు ఒక సంబంధం కుదిరి, ఏదో వంకతో పోయింది. ఇప్పుడు దూలపల్లిలో కార్ఖానాలో పనిచేసే అబ్బాయి ఒప్పుకున్నాడు, అబ్బాయి తల్లి ఒప్పుకుంది, అబ్బాయి పెద్దనాన్న ఒప్పుకోలేదు. వాళ్లింట్లో ఎప్పుడూ ఆయన మాటే మాట, ఈసారే తల్లీకొడుకులు పట్టుబట్టారు. తాను చెప్పిన సంబంధం కాదని అలిగి, తుమ్ము వినిపించినా అపశకునమంటూ, ఈ పెళ్లి ఆపడానికి ఒక మంచి కారణం కోసం ఎదురుచూస్తున్నాడు.

సారుకు అప్పటికప్పుడు ఒక ఉపాయం తట్టింది. షామియానా ఎలాగూ వేస్తున్నారు, వంట ఎలాగూ వండుతున్నారు, కాబట్టి చాచాను ఆశ్రయ శిబిరానికి ఇన్‌ఛార్జిని చేశాడు. ముందు అందరూ శిబిరానికి వచ్చి పోతే, తర్వాత నిఖా చేసుకోవచ్చు. చాచా తల ఊపాడు. తర్వాత నాతో, "బేటా, వరదల గొట్టుకొచ్చినోళ్లకు గూడ బిర్యానీ పెట్టాల్నా?" అని మెల్లగా అడిగాడు. ప్రభుత్వం బిర్యానీ వద్దనలేదని చెప్పాను.

ఆ తర్వాత వాన మొదలైంది. చినుకుగా మొదలై, రోజుల తరబడి ముసురు పట్టి, చివరికి ఎవరో పైనుంచి గిన్నెలు తిరగేసినట్టు కురిసింది. నిఖా నాటి పొద్దునకు ఇళ్ల తలుపులన్నీ మూసి ఉన్నాయి. కరెంటు తన బాధ్యత తాను నిర్వర్తించి ఎప్పుడో పోయింది. చాచా మాత్రం బడి వసారాలో రాళ్ల పొయ్యి మీద దేగ్చా ఎక్కించి, షామియానా మీద నిలిచిన నీళ్లను కర్రతో పొడిచి వంపుతూ తిరుగుతున్నాడు.

నేను జాకెట్టు తొడుక్కుని సారుకు ఫోను చేశాను. డ్రిల్లు వాయిదా పడిందన్నాడు. కారణమేమిటని అడిగాను.

"వాన పడుతోంది కదా బాబూ. ఇంత వానలో వరద డ్రిల్లు పెడితే జనం ఇబ్బంది పడరూ?"

ఈ వాక్యాన్ని నేను ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. ఎప్పుడు చూసినా కొత్తగానే ఉంటుంది. తాళంచెవి సంగతి అడిగితే, డ్రిల్లు రోజున తెస్తానన్నాడు.

ఫోను పెట్టేసరికి చాచా నా ఎదుట నిలబడి ఉన్నాడు. కొత్త షేర్వానీ భుజాల దాకా తడిసింది. చేతిలో ఇంకో ఫోను, దాంట్లోంచి ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. బరాత్ వచ్చేసింది, ఊర్లోకి కాదు, కల్వర్టు అవతలికి. చెరువు నిండి మత్తడి మీదుగా పొర్లుతున్న నీళ్లు వాగులో కలిసి, మా ఊరి రోడ్డు మీది కల్వర్టును ముంచేశాయి. పెళ్లికొడుకు కారు, వెనక చుట్టాల డీసీఎం వ్యాను అక్కడే ఆగాయి. పెద్దనాన్నకు ఇన్నాళ్లుగా వెతుకుతున్న కారణం దొరికింది. దారిలో నీళ్లు అడ్డం పెట్టింది పైవాడేనని, ఈ పెళ్లి వద్దని ఇంతకంటే స్పష్టంగా ఆయన చెప్పడని, కాసేపట్లో బండ్లు తిప్పుతున్నామని అంటున్నాడు.

చాచా ఫోను కిందికి దించాడు.

"బేటా, బండి తిరిగిందంటె మళ్ల రారు వాళ్లు. నా బిడ్డ లోపల మెహందీ పెట్టుకోని కూసున్నది. ఆమెకు ఏం జెప్పాలె?"

దీనికి నా దగ్గర జోకేమీ లేదు. నాలాంటివాడికి అది చాలా ఇబ్బందికరమైన పరిస్థితి.

కావలసింది ట్రాక్టరు, పొడుగు తాళ్లు, పట్టుకోవడానికి మనుషులు. తాళ్లేమో తాళం వెనక ఉన్నాయి. మనుషులేమో తలుపుల వెనక ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి, సాయం కావాలి రండి, వాగు దగ్గర ప్రమాదముందని చెబితే, ప్రమాదముంటే మేమెందుకు వస్తాం, నువ్వూ పోకు అని నన్నే లోపలికి లాగి చాయ్ పోస్తారు. రెండిళ్లలో అదే జరిగింది. చాయ్ బాగుంది.

తడుస్తూ ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. ఆమె మంచం దిగకుండానే అంది.

"చెరువు నిండింది గద. మత్తడి దుంకుతాంది గద. మరి డప్పెందుకు మోగలేదురా?"

నిజమే. ఇన్నేళ్ల తర్వాత చెరువు నిండితే, ఊరు మొత్తం డప్పు కోసం ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తోంది. డప్పు తాతేమో ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయనింటికి పరుగెత్తాను. డప్పును పాలిథిన్ కవరులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సారు చెప్పంది కొట్టొద్దన్నడు గద బిడ్డా. గవర్మెంటు దెబ్బ అయిపాయె గది."

నేను జాకెట్టు సర్దుకుని, హెచ్చరికల విభాగం తరఫున ఆర్డరు జారీ చేశాను. నా పదవీకాలంలో నేనిచ్చిన ఆర్డరు అదొక్కటే. తాత లేచాడు గాని, చెమ్మకు డప్పు తోలు వదులైపోయింది, మోగదు. మంట కావాలి. ఊర్లో ఆ పూట మండుతున్న పెద్ద పొయ్యి ఒక్కటే. అలా ఆశ్రయ శిబిరం ఇన్‌ఛార్జి గారి బిర్యానీ పొయ్యి దగ్గర తాత డప్పును అటూ ఇటూ తిప్పి కాచాడు. వేలితో మీటి చూశాడు. ఇంకోసారి కాచాడు. వంటవాళ్లు గరిటెలు ఆపి చూస్తున్నారు. అప్పుడు కొట్టాడు.

మొదటి దెబ్బకు ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఏ తలుపు ముందు తెరుచుకుందో చెప్పడం కష్టం. ప్రమాదమంటే కదలని జనం పండుగంటే వానలోకి దూకారు. ప్లాస్టిక్ సంచులు తల మీద బోర్లించుకున్న ఆడవాళ్లు, మెడలో బంతిపూలతో ఏమీ అర్థంకాని మేకపోతు, కొబ్బరికాయలు, చంటిపిల్లలు, వెనక గిన్నెలు వేసుకున్న ట్రాక్టరు. తప్పిపోయినవాళ్ల పట్టికలోని కుర్రాళ్లు అందరికంటే ముందు దొరికారు. నేను వాళ్లందరినీ మత్తడి పక్కనే ఉన్న కల్వర్టు వైపు మళ్లించాను. నిజానికి మళ్లించే పని లేకపోయింది, దారి అదే.

అవతలి ఒడ్డున ఆగిన బండ్లను చూశాక ఎవరికీ ఏమీ వివరించాల్సి రాలేదు. నీళ్లు మోకాళ్లు దాటి లాగుతున్నాయి. మోటలకు, ఎడ్లకు కట్టే తాళ్లన్నీ ఒకదానికొకటి ముడి వేసి, రోడ్డు పక్క రాళ్లకు బిగించి, మనుషులు వరుసగా పట్టుకున్నారు. ట్రాక్టరు ట్రాలీలోంచి గిన్నెలు దించేశారు. చాచా ఎక్కాడు. ఆయన వెనకే మా అవ్వ ఎక్కుతోంది. ఇద్దరు కుర్రాళ్లు ఆమెను కుర్చీతో సహా మోసుకొచ్చారు.

వద్దని నేను అడ్డం పోతే, "నేను దెబ్బలు తగిలినదాన్నిరా. నన్ను బండ్ల ఎక్కియ్యాలని సారు రాసిండు" అంది.

ట్రాక్టరు నీళ్లను చీల్చుకుంటూ అవతలికి పోయింది. తాడు పట్టుకుని వెనకే నేనూ దాటాను. పెళ్లికొడుకు సెహ్రా పూల వెనక ఎటు చూడాలో తెలియక చూస్తున్నాడు. పెద్దనాన్న కారు పక్కన గొడుగు కింద నిలబడి, డీసీఎం డ్రైవరుకు వెనక్కి తిప్పమని చెయ్యి ఊపుతున్నాడు. చాచా ఆయన ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అవ్వ ట్రాలీలోంచే మాట్లాడింది.

"సాయబూ, నాకు కాళ్లు లేవు, నేను దాటొచ్చిన. నీ కాళ్లకేమైంది?"

ఆయన జవాబు చెప్పబోయి ఇవతలి ఒడ్డు వైపు చూశాడు. చూసి, గొడుగు కొంచెం పైకెత్తి మళ్లీ చూశాడు. ఊరికి ఊరు వానలో నిలబడి ఉంది. డప్పు మోగుతోంది. ఆడవాళ్ల చేతుల్లో కొబ్బరికాయలు, పసుపు పళ్లాలు ఉన్నాయి. ముందు వరుసలో పూలదండతో మేకపోతు ఉంది.

"వీళ్లంత..." అన్నాడు, ఆగి. "వీళ్లంత మా బరాత్ కోసం వచ్చిన్రా?"

చాచా కుర్చీ విరిగిందా అంటే విరిగిందని చెప్పి అద్దె పోగొట్టుకునే మనిషి. నోరు తెరిచాడు. తెరిచి నా వైపు చూశాడు. నేను వాగు వైపు చూశాను. అవ్వే అంది.

"మరెవ్వరి కోసం? మా మొకాలు మేము రోజు సూస్కుంటనే ఉంటం."

పెద్దనాన్న గొడుగు మూసి, షేర్వానీ సర్దుకుని, తడుస్తూ వచ్చి ట్రాలీలో అవ్వ పక్కన కూర్చున్నాడు. నగరంలో ఎన్నో పెళ్లిళ్లకు వెళ్లానని, ఎక్కడా ఇంత ఇజ్జత్ ఇవ్వలేదని దారి పొడుగునా చాచాతో చెప్పాడట. మేకపోతు మాత్రం మరీ ఎక్కువైందని, అంత మర్యాద అవసరం లేదని అన్నాడట. మైసమ్మకు ఈ సంగతి ఎవరూ చేరవేయలేదు.

నిఖా జరిగింది. బిర్యానీ వేడిగానే ఉంది. ఒక పక్క బడిలో బిర్యానీ, ఇంకో పక్క కట్ట మీద మేక కూర, ఊరి జనం రెండు చోట్లా తిన్నారు. నీళ్లు ఇంకా పెరగడంతో బరాత్ వాళ్లు తిరిగి పోలేక బడిలోనే పడుకున్నారు. ఆ విధంగా బడి నిజంగానే ఆశ్రయ శిబిరమైంది, చాచా నిజంగానే ఇన్‌ఛార్జి అయ్యాడు. పెద్దనాన్న మూడో తరగతి బెంచీల మీద నిద్రపోయాడు. తెల్లారి లేచి, చాయ్‌లో చక్కెర తక్కువైందని అన్నాడు. చాచా ఆ మాటకు పొంగిపోయాడు. పెళ్లిలో వియ్యాలవారు వంక పెట్టారంటే ఇక చుట్టాలైపోయినట్టే.

పొద్దెక్కాక వాన వెలిసింది. వాగు తగ్గి కల్వర్టు బయటపడింది. అప్పుడు తాళంచెవి పట్టుకుని సారు వచ్చాడు. సంగతంతా విని, ఫొటోలు తీశారా అని అడిగాడు. తీయలేదని తెలిసి, గది తాళం తీయించి, అప్పగింతలకు నిలబడ్డవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు పంచాడు. పెళ్లికూతురు ఎర్ర దుపట్టా మీద నారింజ జాకెట్టు తొడుక్కుంది. ఏడుస్తూ ఉన్నది కాస్తా తనను తాను చూసుకుని ఫక్కున నవ్వేసింది. పెద్దనాన్న తనకు పెద్ద సైజు కావాలని అడిగి మార్పించుకున్నాడు. చీలమండ తడవని కల్వర్టు మీద అందరూ తాడు పట్టుకుని నిలబడ్డారు.

డ్రిల్లు విజయవంతమైందని ఆ ఫొటో పైకి వెళ్లింది. ఒక కాపీ చాచా టెంట్‌హౌస్‌లో బల్ల వెనక గోడకు ఉంది. కుర్చీలు అడగడానికి వచ్చినవాళ్లంతా ఇది ఏ పెళ్లి అని అడుగుతారు. మా అవ్వ నిలబడ్డవాళ్లలో లేదు. ఆమె కూడా వరుసలోకి వస్తే, దెబ్బలు తగిలినవాళ్లు అలా నిలబడి నవ్వకూడదన్నాడు సారు. అందుకని ఆమె అందరి ముందు, స్ట్రెచరు మీద, దర్జాగా పడుకుని నవ్వుతోంది.